బీ-1, హెచ్-1బీ, ఎల్-1, ఓ-1.. అమెరికాలో ఏ పనికి ఏ వీసా? తప్పు కేటగిరీలో వెళ్తే చిక్కుల్లో పడేది మీరే!

"అమెరికాలో రెండు నెలల ప్రాజెక్టు ఉంది. హెచ్-1బీ అంటే లాటరీ, చాలా టైమ్ పడుతుంది. నీ దగ్గర బిజినెస్ వీసా ఉంది కదా, దాని మీదే వెళ్లొచ్చేయ్." ఐటీ ఉద్యోగుల్లో ఇలాంటి మాట విన్నవాళ్లు తక్కువేం కాదు. వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. టికెట్, హోటల్ ఖర్చు కూడా కంపెనీదే. కానీ అమెరికా ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబడి, "ఏం పని మీద వచ్చారు?" అన్న ప్రశ్నకు సమాధానం చెప్పాల్సింది మేనేజర్ కాదు.. ఆ ఉద్యోగే. తేడా వస్తే రికార్డులో ఎక్కేది కూడా ఆ ఉద్యోగి పేరే.

అమెరికా వర్క్, బిజినెస్ వీసాల్లో అక్షరాలు, అంకెలు చూసి కంగారు పడేవారు ఎక్కువ. నిజానికి ఏ వీసా తేలిగ్గా వస్తుందన్నది ఇక్కడ లెక్క కాదు. అక్కడికి వెళ్లి రోజూ ఏం పని చేస్తారన్నదే లెక్క. మరి ఏ పనికి ఏ వీసా? రూల్స్‌లో కొత్తగా వచ్చిన మార్పులేంటి? తప్పు వీసాతో వెళ్తే ఏమవుతుంది? పూర్తి వివరాలు ఇప్పుడు తెలుసుకుందాం.

ముందుగా ఈ మూడు ప్రశ్నలు

వీసా ఎంచుకునే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, అక్కడ చేసేది మీటింగులా, లేక అసలు పనా? రెండు, జీతం ఇచ్చేది ఎవరు? ఇండియాలోని కంపెనీయా, అమెరికా కంపెనీయా? మూడు, ఎన్నాళ్లు ఉండాలి? కొన్ని వారాలా, కొన్నేళ్లా?

ఈ మూడింటికీ నిజాయితీగా సమాధానం రాసుకుంటే సగం గందరగోళం పోతుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తుంటారు. ముందు దొరికే వీసా చూసుకుని, తర్వాత దానికి తగ్గట్టు పని పేరు మార్చి రాస్తారు. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే.

మరో విషయం. పాస్‌పోర్టులో అతికించే వీసా అమెరికా గుమ్మం దాకా వెళ్లడానికి అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చు, ఏ హోదాలో ఉండొచ్చు అన్నది ఎయిర్‌పోర్టులో అధికారి నిర్ణయిస్తారు. ఆ వివరాలు ఐ-94 అనే రికార్డులో ఉంటాయి. వీసా పదేళ్లకు ఉంది కాబట్టి పదేళ్లూ ఉండొచ్చనుకుంటే పొరపాటే. దేశంలో దిగిన వెంటనే ఐ-94ను ఆన్‌లైన్‌లో చూసుకుని, అందులో ఉన్న చివరి తేదీని గుర్తు పెట్టుకోవాలి.

బీ-1: మీటింగులకే.. ఉద్యోగానికి కాదు

బీ-1 అంటే బిజినెస్ విజిటర్ వీసా. సాధారణంగా టూరిస్ట్ వీసా బీ-2తో కలిపి ఇస్తుంటారు. భారతీయులకు ఎక్కువగా పదేళ్ల గడువుతో వస్తుంది. అయితే ఒక్కోసారి వెళ్లినప్పుడు మామూలుగా ఆరు నెలల లోపే ఉండనిస్తారు. అప్లికేషన్ ఫీజు 185 డాలర్లు.

బీ-1 మీద ఏం చేయొచ్చు? క్లయింట్లతో మీటింగులకు వెళ్లొచ్చు. కాంట్రాక్టు బేరసారాలు చేయొచ్చు. సదస్సులు, ఎగ్జిబిషన్లలో పాల్గొనొచ్చు. కంపెనీ పెట్టే ఆలోచన ఉంటే స్థలం చూసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ పనులు చక్కబెట్టుకోవచ్చు. ఇండియా కంపెనీ అమెరికాకు అమ్మిన మెషిన్‌ను బిగించడానికి, సర్వీస్ చేయడానికి నిపుణులు వెళ్లే వీలు కూడా ఉంది. అయితే ఆ సర్వీస్ సంగతి అమ్మకం ఒప్పందంలోనే రాసి ఉండాలి. ఆ నిపుణుడికి జీతం ఇండియా నుంచే రావాలి.

ఏం చేయకూడదు? క్లయింట్ ఆఫీసులో కూర్చుని రోజూ కోడ్ రాయడం, టెస్టింగ్ చేయడం, సపోర్ట్ డ్యూటీ చేయడం కుదరదు. కొత్తగా పెట్టిన షాపులోనో, రెస్టారెంట్‌లోనో రోజువారీ వ్యవహారాలు చూసుకోవడం కూడా కుదరదు. "జీతం ఇండియా అకౌంట్‌లోనే పడుతోంది కదా" అన్న వాదన ఒక్కటే సరిపోదు. జీతం ఇక్కడి నుంచి వచ్చినా, చేసే పని అక్కడి ఉద్యోగి చేయాల్సిందే అయితే అది బీ-1 కిందకు రాదు.

ఇది కాగితం మీద రూల్ మాత్రమే కాదు. 2013 అక్టోబరులో ఇన్ఫోసిస్ సంస్థ అమెరికా ప్రభుత్వంతో 3.4 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ చేసుకుంది. హెచ్-1బీ అవసరమైన పనులకు బీ-1 వీసాల మీద ఉద్యోగులను పంపారన్నది ఆ కేసులో ప్రధాన ఆరోపణ. వీసా మోసం ఆరోపణలను కంపెనీ ఖండించింది. అయినా అంత మొత్తం కట్టి కేసు ముగించుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ డబ్బు కట్టి బయటపడగలదు. ఒంటరిగా కౌంటర్ ముందు నిలబడ్డ ఉద్యోగికి ఆ అవకాశం ఉండదు.

హెచ్-1బీ: డిగ్రీ ఉన్న ఉద్యోగానికి అసలు దారి

అమెరికా కంపెనీలో నిపుణులు చేసే ఉద్యోగానికి ఎక్కువగా వాడే వీసా ఇదే. 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టంతో ఇప్పటి రూపంలోకి వచ్చింది. ఉద్యోగానికి కనీసం బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత అవసరమై ఉండాలి. ఆ డిగ్రీకి, చేసే పనికి సంబంధం ఉండాలి. ఏటా 65 వేల వీసాలు, అమెరికా యూనివర్సిటీల్లో మాస్టర్స్ చేసినవారికి అదనంగా మరో 20 వేలు. ఇదీ పరిమితి. ఇటీవలి ఏళ్లలో ఆమోదం పొందిన హెచ్-1బీ దరఖాస్తుల్లో 70 శాతానికి పైగా భారతీయులవే.

ఈ వీసాకు ఉద్యోగి సొంతంగా అప్లై చేసుకోలేరు. కంపెనీయే చేయాలి. మార్చిలో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, అందులో ఎంపికైతే పూర్తి పిటిషన్, అది ఓకే అయితే అక్టోబరు 1 నుంచి ఉద్యోగం. మొదట మూడేళ్ల వరకు ఇస్తారు. మొత్తం ఆరేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. గ్రీన్‌కార్డుకు సంబంధించిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది, వీసా నంబర్ కోసం క్యూలో ఉంటే ఆరేళ్లు దాటినా పొడిగింపు దొరుకుతుంది. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న భారతీయులకు ఆధారం ఈ రూలే.

అన్ని ఉద్యోగాలకూ లాటరీ ఉండదు. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు, ప్రభుత్వ పరిశోధనా సంస్థల ఉద్యోగాలకు పరిమితి వర్తించదు. ఏడాదిలో ఎప్పుడైనా అప్లై చేయొచ్చు. పరిశోధన రంగంలో ఉన్నవారు ఈ దారిని ముందుగా చూసుకోవడం మంచిది.

హెచ్-1బీలో వచ్చిన మార్పులివే

గత కొన్నేళ్లలో హెచ్-1బీ రూల్స్ బాగా మారాయి. 2023 సీజన్‌లో రిజిస్ట్రేషన్లు ఏకంగా 7.8 లక్షలకు చేరాయి. ఒకే వ్యక్తి పేరు మీద పలు కంపెనీలు రిజిస్ట్రేషన్ చేయడం దీనికి పెద్ద కారణం. దాంతో మరుసటి ఏడాది నుంచి కంపెనీలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకే అవకాశం అనే పద్ధతి తెచ్చారు. 2025 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 10 డాలర్ల నుంచి 215 డాలర్లకు పెరిగింది. ఆ ఏడాది రిజిస్ట్రేషన్లు దాదాపు 3.44 లక్షలకు తగ్గాయి.

అసలు షాక్ 2025 సెప్టెంబరులో తగిలింది. కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు చెల్లించాలంటూ అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన జారీ చేశారు. అప్పటి మారకం విలువలో ఇది సుమారు రూ.88 లక్షలు. సెప్టెంబరు 21 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. పొడిగించకపోతే 12 నెలలు ఉంటుందని ప్రకటనలోనే చెప్పారు. అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లే దీని ప్రధాన లక్ష్యం. అమెరికాలోనే చదువుకుని, స్టూడెంట్ వీసా నుంచి అక్కడే హెచ్-1బీకి మారేవారికి ఇది వర్తించదని యూఎస్‌సీఐఎస్ ఆ తర్వాత అక్టోబరులో స్పష్టత ఇచ్చింది.

ఇక ఎంపిక పద్ధతిలోనూ మార్పు వచ్చింది. జీతం స్థాయి ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువ అవకాశం ఇచ్చేలా కొత్త రూల్ తెచ్చారు. ఇది 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చేలా ప్రకటించారు. నాలుగో స్థాయి జీతం ఉన్నవారి పేరు నాలుగు సార్లు, మొదటి స్థాయి వారి పేరు ఒక్కసారి లెక్కలోకి వస్తుంది. అంటే ఫ్రెషర్లకు దారి మరింత ఇరుకైనట్టే. ఇవన్నీ తరచూ మారే రూల్స్ కాబట్టి, అప్లై చేసే రోజున యూఎస్‌సీఐఎస్ అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

ఎల్-1: సొంత కంపెనీలోనే బదిలీ

హైదరాబాద్‌లో బహుళజాతి కంపెనీల సెంటర్లు పెరగడంతో ఎల్-1 వీసా గురించి ఇప్పుడు ఎక్కువ మంది ఆరా తీస్తున్నారు. ఒకే సంస్థకు ఇండియాలో, అమెరికాలో ఆఫీసులు ఉంటే, ఉద్యోగిని ఇక్కడి నుంచి అక్కడికి బదిలీ చేయడానికి ఇది ఉపయోగపడుతుంది. గత మూడేళ్లలో కనీసం ఏడాది పాటు అమెరికా బయట ఆ సంస్థలో వరుసగా పనిచేసి ఉండాలి. దీనికి లాటరీ లేదు. ఏడాదికి ఇన్నే అన్న పరిమితి కూడా లేదు.

ఇందులో రెండు రకాలు. మేనేజర్లు, ఎగ్జిక్యూటివ్‌లకు ఎల్-1ఏ. గరిష్ఠంగా ఏడేళ్లు. కంపెనీకి చెందిన ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారికి ఎల్-1బీ. గరిష్ఠంగా ఐదేళ్లు.

లాటరీ లేదు కాబట్టి ఇదే బెటర్ అనిపిస్తుంది. కానీ మెలికలు ఉన్నాయి. ఎల్-1 మీద వెళ్లినవారు ఆ సంస్థను వదిలి బయటి కంపెనీలో చేరలేరు. ఎల్-1బీ ఉద్యోగిని ప్రధానంగా క్లయింట్ ఆఫీసులో కూర్చోబెట్టి, వాళ్ల కిందే పని చేయించడం 2004 చట్టం ప్రకారం కుదరదు. హెచ్-1బీ తరహాలో ఐ-140 ఉందని ఐదేళ్లు, ఏడేళ్ల గడువు దాటి పొడిగింపు కూడా రాదు. మధ్యలో హెచ్-1బీకి మారినా, ఎల్-1లో గడిపిన కాలం ఆ ఆరేళ్ల లెక్కలో కలుస్తుంది. పిల్లల్ని అక్కడి స్కూల్లో చేర్పించాక, ఐదో ఏడాదిలో ఈ సంగతి తెలిసి తలపట్టుకోవడం కంటే వెళ్లేముందే కంపెనీని అడగడం మేలు. గ్రీన్‌కార్డు ప్రాసెస్ మొదలుపెడతారా, ఎప్పుడు పెడతారు అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఓ-1: ప్రతిభకు.. కానీ రుజువులు కావాలి

సైన్స్, విద్య, వ్యాపారం, క్రీడలు, కళల్లో అసాధారణ ప్రతిభ ఉన్నవారికి ఓ-1 వీసా. పెద్ద అంతర్జాతీయ అవార్డు లేకపోతే, సైన్స్, వ్యాపారం వంటి రంగాల్లో ఎనిమిది ప్రమాణాల్లో కనీసం మూడింటికి ఆధారాలు చూపాలి. అవార్డులు, పరిశోధనా పత్రాలు, ఇతరుల పనిని అంచనా వేసే జడ్జిగా వ్యవహరించడం, మీ గురించి మీడియాలో వచ్చిన కథనాలు, పేరున్న సంస్థలో కీలక పాత్ర, ఎక్కువ జీతం వంటివి ఇందులోకి వస్తాయి. మొదట మూడేళ్ల వరకు ఇస్తారు. ఆ తర్వాత ఏడాది చొప్పున పొడిగిస్తారు. లాటరీ లేదు. అయితే అమెరికాలోని యజమాని లేదా ఏజెంటే పిటిషన్ వేయాలి. డబ్బులిచ్చి అవార్డులు, వ్యాసాలు సృష్టించుకుంటే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

సొంత వ్యాపారం పెట్టాలంటే?

చాలామంది వ్యాపారులు మొదట అడిగేది ఈ-2 ఇన్వెస్టర్ వీసా గురించే. కానీ అమెరికాతో వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల పౌరులకే ఈ-1, ఈ-2 వీసాలు ఇస్తారు. ఆ జాబితాలో భారత్ లేదు. భారత పాస్‌పోర్టుతో ఈ-2 ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే అక్కడే ఆగిపోవాలి.

ఇక్కడ ఇప్పటికే నడుస్తున్న కంపెనీ ఉంటే, అమెరికాలో బ్రాంచి తెరిచి ఎల్-1 మీద వెళ్లే అవకాశం ఉంది. కొత్త ఆఫీసు అయితే మొదట ఏడాదికే ఇస్తారు. ఆ లోపు వ్యాపారం నిజంగా నడుస్తోందని, మేనేజర్ స్థాయి పని ఉందని చూపించాలి. ఇక్కడి కంపెనీ మూతపడితే ఎల్-1 కూడా నిలవదు. పెద్ద పెట్టుబడి పెట్టగలిగిన వారికి ఈబీ-5 ఉంది. 2022 చట్టం ప్రకారం నిరుద్యోగం ఎక్కువగా ఉన్న లేదా గ్రామీణ ప్రాంతాల్లో 8 లక్షల డాలర్లు, మిగతా చోట్ల 10.5 లక్షల డాలర్లు పెట్టాలి. కనీసం పది మందికి ఉద్యోగాలు కల్పించాలి. అయితే ఇది తాత్కాలిక వీసా కాదు, గ్రీన్‌కార్డు దారి.

భార్య లేదా భర్త ఉద్యోగం సంగతేంటి?

వీసా ఎంచుకునేటప్పుడు చాలామంది మర్చిపోయేది ఇదే. ఎల్-1 ఉద్యోగి జీవిత భాగస్వామి ఎల్-2 హోదాలోనే ఉద్యోగం చేసుకోవచ్చు. హెచ్-1బీ ఉద్యోగి భాగస్వామికి ఆ వెసులుబాటు వెంటనే రాదు. సాధారణంగా హెచ్-1బీలో ఉన్నవారి ఐ-140 ఆమోదం పొందాకే హెచ్-4 మీద ఉన్నవారు పని అనుమతికి అప్లై చేసుకోవచ్చు. 2015లో వచ్చిన రూల్ ఇది. ఓ-1 ఉద్యోగి భాగస్వామికి ఇచ్చే ఓ-3 మీద అసలు ఉద్యోగం చేయకూడదు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే, ఇక్కడ ఒకరు రాజీనామా చేసే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఫీజు ఎవరు కట్టాలి?

హెచ్-1బీ పిటిషన్‌కు సంబంధించిన శిక్షణ ఫీజును ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్ని చట్టం నిషేధించింది. పిటిషన్ లాయర్ ఖర్చు కూడా యజమాని వ్యాపార ఖర్చే. అలాగే ప్రాజెక్టు లేదని ఉద్యోగిని జీతం ఇవ్వకుండా ఖాళీగా కూర్చోబెట్టడం, అంటే మనవాళ్లు చెప్పే "బెంచ్", రూల్స్‌కు విరుద్ధం. పని చూపించలేకపోయినా ఒప్పుకున్న జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే అమెరికా కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయొచ్చు. "లక్షలు కడితే హెచ్-1బీ గ్యారంటీ" అనే కన్సల్టెన్సీ మాట నమ్మితే డబ్బుతో పాటు రికార్డు కూడా పోయే ప్రమాదం ఉంది.

ఇంటర్వ్యూలో ఇవి గుర్తుంచుకోండి

హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. 2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులను బాగా తగ్గించారు. దాదాపు అందరూ నేరుగా హాజరు కావాల్సిందే. దరఖాస్తుదారులు తమ సొంత దేశంలో లేదా నివాసం ఉంటున్న దేశంలోనే అప్లై చేసుకోవాలని కూడా చెప్పారు. దగ్గర్లోని మరో దేశానికి వెళ్లి స్టాంపింగ్ చేయించుకునే పాత పద్ధతి ఇక కష్టమే. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు. ప్రొఫైల్స్ పబ్లిక్‌గా ఉంచాలని సూచించారు. లింక్డ్‌ఇన్‌లో ఒక ఉద్యోగం, డీఎస్-160 ఫారంలో మరో ఉద్యోగం ఉంటే ప్రశ్నలు తప్పవు.

బీ-1కు వెళ్లేవారు తిరిగి వస్తామని అధికారిని నమ్మించాలి. ఇక్కడి ఉద్యోగం, వ్యాపారం, కుటుంబం లాంటివి ఆధారాలు. హెచ్-1బీ, ఎల్-1 వారికి ఈ నిబంధన లేదు. గ్రీన్‌కార్డు కోరుకుంటున్నా ఈ వీసాలు తీసుకోవచ్చు.

తప్పు వీసాతో వెళ్తే జరిగేది ఇదే

అమెరికాలో దిగగానే ఫోన్, ల్యాప్‌టాప్ తనిఖీ చేసే అధికారం అధికారులకు ఉంది. బీ-1 మీద వెళ్లినవారి మెయిల్‌లో ప్రాజెక్టు షిఫ్టులు, పని కేటాయింపులు కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి పంపించొచ్చు. ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ కింద పంపిస్తే సాధారణంగా ఐదేళ్లు మళ్లీ అడుగుపెట్టలేరు. వీసా కోసం కీలకమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు తేలితే శాశ్వత నిషేధమే. దానికి మినహాయింపు కోరే దారి ఉన్నా అది పొడవైన ప్రక్రియ. ఐ-94 గడువు దాటి 180 రోజులకు పైగా అక్రమంగా ఉండి వెనక్కి వస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకుమించి ఉంటే పదేళ్లు నిషేధం. ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో కంపెనీయో, ఏజెంటో నేర్పించినా.. ఫారం మీద సంతకం మీదే కాబట్టి బాధ్యత కూడా మీదే.

ఉద్యోగం పోతే?

హెచ్-1బీ, ఎల్-1, ఓ-1 ఉద్యోగులకు గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఐ-94 గడువు ముందే ముగిస్తే అంతవరకే. ఈలోగా హెచ్-1బీ వారు మరో కంపెనీ ద్వారా కొత్త పిటిషన్ వేయించుకోవచ్చు. లేదంటే బీ-2 వంటి హోదాకు మారేందుకు అప్లై చేయొచ్చు. బీ-1, బీ-2లో ఉంటూ ఉద్యోగం వెతకడం, ఇంటర్వ్యూలకు వెళ్లడం తప్పు కాదు. కొత్త హోదా రాకముందే పనిలో చేరితేనే తప్పు.

సంతకం చేసే ముందు..

కంపెనీ పంపే ఆహ్వాన లేఖను పూర్తిగా చదవండి. అందులో రాసిన పని, మీరు నిజంగా చేయబోయే పని ఒకటేనా చూసుకోండి. పిటిషన్ కాపీ, జీతం వివరాలు ఉండే ఎల్‌సీఏ కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి. కుటుంబం, గ్రీన్‌కార్డు, గడువు గురించి ముందే మాట్లాడుకోండి. అనుమానం ఉంటే ఏజెంటును కాదు, అమెరికాలో లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. "మీటింగ్ అని చెప్పి వెళ్లు, మిగతాది మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే మాత్రం, ఆ మాటను మెయిల్‌లో రాసి పంపమని అడగండి. రాయడానికి వాళ్లు వెనకాడితే, ఆ ప్రయాణానికి మీరు కూడా వెనకాడాల్సిందే.